అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన పుస్తకం: ఈ సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ కథేంది?

అబిడ్స్_ఆదివారం:

పోయిన ఆదివారం అబిడ్స్‌లో పాత పుస్తకాలు తిరగేస్తుంటే ఎంసెట్ గైడ్ల కుప్ప కింద నుంచి ఒక ఇంగ్లిష్ పుస్తకం బయటపడ్డది. అట్ట మీద "సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ బాస్కెట్‌బాల్, 1983-84" అని ఉంది. మొదలు నూటయాభై అన్నడు. నేను లేచి రెండడుగులు వేయంగనే అరవైకి ఇచ్చిండు. విలేకరుల కోసం అచ్చేసిన పుస్తకమట. ఆటగాళ్ల ఎత్తు, బరువు, సొంతూరు, ఎవరు ఎవరితో ఎప్పుడు ఆడాలె, అన్నీ ఉన్నయి. అమెరికా నుంచి మన ఫుట్‌పాత్ మీదికి ఎట్ల వచ్చిందో ఆ దేవునికే తెల్వాలె.

కాన్ఫరెన్స్ అంటే ఏదో సెమినార్ అనుకున్నా. చూస్తే తొమ్మిది యూనివర్సిటీలు. ఎనిమిది టెక్సాస్‌వే, ఒక్కటి మాత్రం ఆర్కన్సా. ఆ ఒక్కటే ఎందుకు? ఇంకోటి, 1914లో పెట్టింది 1996లో మూతపడ్డదట. టెక్సాస్‌లో కాలేజీ ఆటలంటే జనం ప్రాణమిస్తరు కదా. ఎనభై ఏళ్లు నడిచినది ఎట్ల మూతపడుతది? అక్కడ చదివొచ్చినోళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి.

రెండో_షిఫ్ట్:

ఎస్‌ఎంయూ అని డల్లస్‌లో ఒక యూనివర్సిటీ. ఫుట్‌బాల్ (మన కాలి బంతి కాదు, కోడిగుడ్డు ఆకారం బంతిని చేతుల పట్టుకొని ఉరికే అమెరికా ఆట) ఆటగాళ్లకు దొంగచాటుగా జీతాలిచ్చి దొరికిపోయిండ్రు. 1987లో ఆ సీజన్ మొత్తం ఆడొద్దని టీమ్‌ను కూర్చోబెట్టిండ్రు. దానికి "మరణ శిక్ష" అని పేరు. దాంతో లీగ్ పరువు పోయింది, మూతపడ్డది. అంతే కథ.

మలక్‌పేట_మామ:

రెండో షిఫ్ట్ తమ్ముడు చెప్పిన సంగతి నిజమే. కాకపోతే అది జ్వరం. మనిషి పోయింది వేరే రోగంతో.

నేను 1993 ఆగస్టులో యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్‌కు ఎం.ఎస్. కోసం పోయిన. క్యాంపస్ భోజనశాలలో పని, గంటకు నాలుగు డాలర్ల పాతిక సెంట్లు. వంటగదిలో నా పైన ఒక పెద్దాయన ఉండేది. అరవైకి దగ్గర, నల్లాయన, క్యాంపస్ పక్కనే థర్డ్ వార్డ్‌లో పుట్టి పెరిగినోడు. నాకు ఈ కాన్ఫరెన్స్ ఏంటో ఆయనే నేర్పిండు. స్టీల్ బల్ల మీద కెచప్ ప్యాకెట్లు పరిచి ఇది ఆస్టిన్, ఇది వేకో, ఇది లబ్బక్ అని చూపెట్టేది. ఆర్కన్సాకు మాత్రం ఆవాల ముద్ద ప్యాకెట్ పెట్టేది, రంగు వేరు కావాలని. నేను పోయేసరికి ఆ పసుపుపచ్చ ప్యాకెట్ బల్ల మీద లేదు. అక్కడి నుంచే మొదలుపెడ్తడు ఎప్పుడూ.

ముందు కాన్ఫరెన్స్ అంటే. మన దగ్గర ఉస్మానియా కింద ఇంటర్ కాలేజ్ ఆడతరు, ఆ పైన యూనివర్సిటీలు సౌత్ జోన్ ఆడతయి. ఆ జోన్ ఎవరో పైన కూర్చున్నోళ్లు గీసి ఇస్తరు. అక్కడ అట్ల కాదు. యూనివర్సిటీలే తమలో తాము కూడబలుక్కొని జట్టు కడతయి, ఏటా ఒకరి ఊరికి ఒకరు పోయి ఆడతయి, వచ్చిన డబ్బులు పంచుకుంటయి. నచ్చకపోతే లేచి పోవచ్చు. అచ్చం మన గల్లీల చిట్టీ అనుకో. అందరూ నెలనెలా కడ్తున్నంతసేపు బంగారమే. పెద్ద పాట పాడుకున్నోడు ఇల్లు మారిండా, మిగిలినోళ్లు ఒకరి మొకం ఒకరు చూసుకోవాలె.

1914 మే నెలలో డల్లస్‌లో ఓరియెంటల్ హోటల్ల మొదటిసారి కూర్చున్నరు. డిసెంబర్ 8న హ్యూస్టన్‌ల రైస్ హోటల్ల ఖాయం చేసుకున్నరు. ముందు నిలబడి నడిపింది టెక్సాస్ యూనివర్సిటీ ఆటల డైరెక్టర్ బెల్‌మాంట్. అప్పుడు ఉన్నోళ్లు ఎనిమిది మంది: టెక్సాస్, టెక్సాస్ ఏ అండ్ ఎం, బేలర్, రైస్, జార్జ్‌టౌన్ ఊళ్లోని సౌత్‌వెస్టర్న్, ఆర్కన్సా, ఓక్లహోమా, ఓక్లహోమా ఏ అండ్ ఎం. అంటే మూడు రాష్ట్రాలు. తమ్ముడూ, నీ ఆర్కన్సా ప్రశ్నకు జవాబు ఇదే. ఆర్కన్సా మధ్యలో దూరిన చుట్టం కాదు, పునాది రాయి. ఓక్లహోమా వాళ్లు ఇద్దరూ 1925 లోపే ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయిండ్రు. వాళ్ల జాగలల్ల ఎస్‌ఎంయూ, ఫోర్ట్ వర్త్ ఊరి యూనివర్సిటీ టీసీయూ వచ్చినయి, 1956ల టెక్సాస్ టెక్‌ను చేర్చుకున్నరు. చివరగా మా హ్యూస్టన్. 1971ల చేర్చుకొని, ఫుట్‌బాల్ టైటిల్‌కు ఆడనిచ్చింది మాత్రం 1976ల. ఆడిన మొదటి ఏడే టెక్సాస్ టెక్‌తో కలిసి టైటిల్ పంచుకున్నం, కాటన్ బౌల్‌ల మేరీల్యాండ్‌ను 30-21తో కొట్టినం. ఇది చెప్పేటప్పుడు పెద్దాయన పొయ్యి మీద ఏముందో మర్చిపోయేది.

కాటన్ బౌల్ అంటే అప్పట్ల జనవరి ఒకటిన డల్లస్‌ల జరిగిన మ్యాచ్, 1937ల మొదలైంది. నలభైల నుంచి మన కాన్ఫరెన్స్ విజేతకు అందులో ఒక జాగ ఖాయం. ఆ స్టేడియం ఉన్నది ఫెయిర్ పార్క్ లోపల, ఏటా ఎగ్జిబిషన్ పెట్టే మైదానంల. నాంపల్లి నుమాయిష్ గ్రౌండ్ నడుమ పెద్ద స్టేడియం ఉందనుకో, సరిపాయె. ఎగ్జిబిషన్ రోజులల్ల అక్కడ టెక్సాస్, ఓక్లహోమా మ్యాచ్ జరుగుతది. ఓక్లహోమా కాన్ఫరెన్స్ విడిచిపెట్టిపోయినంక కూడా ఆ మ్యాచ్ మాత్రం విడువలే.

చిన్న సంగతొకటి చెప్పి ముందుకు పోత. 1962 సెప్టెంబర్ 12న కెనడీ "చంద్రుడి మీదికి పోదాం" అని ఉపన్యాసం ఇచ్చింది హ్యూస్టన్ రైస్ స్టేడియంల. చంద్రుడి మీదికే ఎందుకు, ఎత్తైన కొండ ఎందుకు ఎక్కాలె అని అడుక్కుంట నడుమ ఒక మాట అంటడు: "రైస్ టెక్సాస్‌తో ఎందుకు ఆడుతుంది?" జనం ఘొల్లున నవ్వుతరు. ఎందుకంటే రైస్ చిన్న కాలేజీ, చదువుల కాలేజీ. టెక్సాస్ ఏనుగు. తెలుసా, సరిగ్గా ఆ అక్టోబర్‌ల రైస్ ఆ ఏనుగును 14-14 దగ్గర ఆపింది. తర్వాత 1965ల గెలిచింది, మళ్లా గెలిచింది 1994ల, 19-17. అప్పుడు నేను అక్కడే ఉన్న. మా వాళ్లు గెలవకపోయినా మా భోజనశాల మొత్తం రెండు రోజులు అదే ముచ్చట.

ఇదంతా తియ్యటి ముచ్చట. పెద్దాయన తియ్యగా చెప్పనిది ఒకటుంది. "నాకు ముప్పై దాటేదాకా ఈ లీగ్ ఫుట్‌బాల్ల మావాడు ఒక్కడు లేడు" అనేది. 1966 సెప్టెంబర్‌ల బేలర్ తరఫున జాన్ వెస్ట్‌బ్రూక్ దిగిండు, మొదటి నల్ల ఆటగాడు. వారానికే ఎస్‌ఎంయూకు జెర్రీ లెవాయస్. స్కాలర్‌షిప్ ఇచ్చి తీసుకున్న మొదటోడు లెవాయసే. సొంతూరు బ్యూమాంట్, మన పిల్లలు లామార్‌ల చదవనీకి పోయే ఊరు. ఆ ఏడు ఎస్‌ఎంయూ టైటిల్ కొట్టింది. అంతకు రెండేళ్ల ముందే, 1964లనే హ్యూస్టన్ వాళ్లు వారెన్ మెక్‌వీని, బాస్కెట్‌బాల్‌కు ఎల్విన్ హేస్‌ను తెచ్చుకున్నరు. అప్పటికి హ్యూస్టన్ ఈ కాన్ఫరెన్స్ బయటే. పెద్దాయనకు హ్యూస్టన్ అంటే అంత పిచ్చి ఎందుకో నాకు ఈ లెక్కతోనే సమజైంది. 1969ల టెక్సాస్, ఆర్కన్సా మ్యాచ్ చూడనీకి నిక్సన్ హెలికాప్టర్ల దిగిండు, 15-14తో టెక్సాస్ గెలిచింది, దేశమంతా చూసింది. అప్పటికి కూడా టెక్సాస్ టీమ్‌ల నల్లోడు లేడు. ఆ మ్యాచ్ గురించి ఎవరు మాట్లాడినా పెద్దాయన గంటె పట్టుకొని లోపలికి పోయేది.

ఇగ రోగం సంగతికొస్త.

1984 దాకా కాలేజీ ఫుట్‌బాల్ టీవీ హక్కులు మొత్తం ఎన్‌సీఏఏ చేతిల, అంటే దేశంల కాలేజీ ఆటలను నడిపే సంఘం. వారానికి ఇన్ని మ్యాచ్‌లే చూపాలె అని దాని రేషన్. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకు పోయినయి. 1984 జూన్‌ల సుప్రీంకోర్టు 7-2తో ఎన్‌సీఏఏది చెల్లదన్నది. అప్పటి నుంచి ఎవరి మ్యాచ్ వాళ్లు అమ్ముకోవచ్చు. వినడానికి మస్తుగుంది. అయితే టీవీవాడు ఏం చూస్తడు? మీ లీగ్ ఎన్ని ఇండ్లకు పోతది అని చూస్తడు. మనది తొమ్మిది జట్లు, రెండు రాష్ట్రాలు. మలక్‌పేటల ఒకే గల్లీల ఎనిమిది ఇరానీ హోటళ్లు పెట్టినట్టు. చాయ్ అందరిదీ బాగనే ఉంటది, కానీ తాగేటోళ్లు ఆ గల్లీ వాళ్లే కదా. పైగా డల్లస్‌కు కౌబాయ్స్, హ్యూస్టన్‌కు ఆయిలర్స్ ప్రొఫెషనల్ టీమ్‌లు 1960ల వచ్చి కూర్చున్నయి. పెద్ద ఊర్లల్ల ఉన్న రైస్, ఎస్‌ఎంయూలకు స్టేడియం నిండుడు కష్టమైంది. టెక్సాస్‌ల ఉన్న ఎనిమిదిట్లో నాలుగు ప్రైవేట్ కాలేజీలు. రైస్‌ల డిగ్రీ పిల్లలు మూడు వేలు కూడా లేరు, స్టేడియం మాత్రం డెబ్బై వేల మందికి.

దాని మీద ఎనభైలల్ల దొంగ డబ్బుల గొడవ. ఎస్‌ఎంయూ ఒక్కటే కాదు, తొమ్మిదిట్లో ఎక్కువ టీమ్‌లు ఏదో ఒక శిక్ష తిన్నవే, మాది సహా. ఎస్‌ఎంయూను పట్టుకున్నది ఏందంటే 1985, 86లల్ల పదమూడు మందికి కలిపి 61,000 డాలర్లు ఇచ్చిండ్రని. టెక్సాస్ గవర్నర్ బిల్ క్లెమెంట్స్, అంతకుముందు ఆ యూనివర్సిటీ బోర్డు చైర్మన్, మాట ఇచ్చినం కాబట్టి ఇయ్యక తప్పలేదని తానే ఒప్పుకున్నడు. 1987ల ఆట బంద్. 1988ల ఆడనిస్తమన్నా వాళ్లే ఆడలేదు. 1989ల తిరిగొస్తే మా హ్యూస్టన్ వాళ్లు 95-21తో చితక్కొట్టిండ్రు. నాకది గొప్పగా అనిపియ్యదు, నిజం చెప్తున్న. పిల్లలను పట్టుకొని పెద్దలు కొట్టినట్టుండె.

అయినా ఎస్‌ఎంయూ పడ్డంక కూడా తొమ్మిదేళ్లు కాన్ఫరెన్స్ నడిచింది. మెడ విరిచింది 1990 ఆగస్టు. ఆర్కన్సా మేము ఎస్ఈసీ అనే ఇంకో కాన్ఫరెన్స్‌కు పోతున్నం అన్నది. 1914 నుంచి ఉన్న పునాది రాయి, రెండో రాష్ట్రం, ఆ పసుపుపచ్చ ప్యాకెట్. అది పోయినంక మిగిలింది ఒకే రాష్ట్రంల ఎనిమిది. 1994 ఫిబ్రవరిల టెక్సాస్, ఏ అండ్ ఎం, టెక్, బేలర్ కలిసి బిగ్ ఎయిట్ అనే ఇంకో కాన్ఫరెన్స్‌తో బిగ్ 12 పెడ్తున్నమన్నరు. పిలిచింది నలుగురినే. బేలర్‌ను, టెక్‌ను రాజకీయం చేసి ఎక్కించిండ్రని అక్కడ ప్రతి ఒక్కడు అంటడు. అప్పటి గవర్నర్ ఆన్ రిచర్డ్స్ బేలర్ల చదివింది, లెఫ్టినెంట్ గవర్నర్ బాబ్ బులక్ టెక్‌ల డిగ్రీ, బేలర్ల లా. ఇంతవరకు రికార్డే, మిగిలింది మీరే ఊహించుకోండి.

ఆ ఏడు ఫుట్‌బాల్ ఎట్లుండెనో తెలుసా? ఏ అండ్ ఎం ఒక్క మ్యాచ్ ఓడలేదు, కానీ శిక్షల ఉంది, టైటిల్ ఇయ్యరు. దాని కింద అయిదు జట్లు నాలుగు గెలిచి మూడు ఓడి సమానం. అయిదుగురు ఛాంపియన్లు! చిట్టీ లేచిపోయే ముందు అందరికీ తలా ఒక స్వీట్ బాక్స్ ఇచ్చినట్టు.

కాన్ఫరెన్స్ చివరి ఫుట్‌బాల్ మ్యాచ్‌కు నేను పోయిన. 1995 డిసెంబర్ 2, శనివారం, రైస్ స్టేడియం, హ్యూస్టన్ మీద రైస్. అది నా చివరి సెమిస్టర్, థీసిస్ మెడ మీద ఉంది. పెద్దాయన తన పికప్ ట్రక్కుల తీసుకపోయిండు. కెనడీ నిలబడ్డ స్టేడియం అదే, సగానికన్న ఎక్కువ ఖాళీ. మా వెనక వరుసల ఒక ముసలామె తొమ్మిది జట్ల బిళ్లలు టోపీకి గుచ్చుకొని వచ్చింది, ఆర్కన్సా జట్టు గుర్తు పందితో సహా. 18-17తో హ్యూస్టన్ గెలిచింది. పెద్దాయన చప్పట్లు కొట్టలే. అందరూ లేస్తున్నా కూర్చునే ఉండి, జేబుల నుంచి కెచప్ ప్యాకెట్లు తీసి ముందు కుర్చీ వీపు మీద వరసగా పెట్టిండు. ఎనిమిది. కావాలనే తెచ్చుకున్నడు. నాలుగు తీసి జేబుల ఏసుకున్నడు, నాలుగు అక్కడనే వదిలిపెట్టిండు. ఏ నాలుగు అని నేను అడగలే.

1996 జూన్ నెలాఖరుకు కాగితాల మీద కూడా బంద్.

షాట్‌పుట్_అక్క:

మలక్‌పేట మామ, అంతా బాగా రాశారు గానీ కాన్ఫరెన్స్ అంటే ఫుట్‌బాల్ ఒక్కటేనా? నేను ఎనభైల మొదట్లో ఉస్మానియా ఇంటర్ కాలేజ్ మీట్లలో షాట్‌పుట్ వేసేదాన్ని. సున్నంతో గీసిన వలయం, వాన పడితే జారుడు. తొమ్మిది మీటర్లు దాటితే ఆ రోజు పండగే. అప్పట్లో మా కోచ్ చెప్పిన పేరు రాండీ మాట్సన్. టెక్సాస్ ఏ అండ్ ఎం కుర్రాడు, 1965లో గుండును 21.52 మీటర్లు విసిరాడు. డెబ్బై అడుగులు దాటించిన మొదటి మనిషి. 1964 టోక్యోలో వెండి, 1968 మెక్సికోలో బంగారం. అతను కూడా ఈ కాన్ఫరెన్స్ వాడేనని ఇన్నేళ్లూ నాకు తట్టనేలేదు.

కార్ల్ లూయిస్ మీ హ్యూస్టన్ వాడే కదా, ఆయన్ని వదిలేశారేం? 1981లో ఫోర్ట్ వర్త్‌లో ఈ కాన్ఫరెన్స్ ఇండోర్ మీట్‌లోనే 8.49 మీటర్లు దూకి ఇండోర్ ప్రపంచ రికార్డు పెట్టాడు. ఆడపిల్లల ఆటల్ని కాన్ఫరెన్స్ తన కిందికి తీసుకున్నదే 1982లో. అంటే బతికిన ఎనభై రెండేళ్లలో ఆడవాళ్లకు దక్కింది పద్నాలుగు. అందులోనే టెక్సాస్ అమ్మాయిలు 1986లో 34 మ్యాచ్‌లు ఆడి 34 గెలిచి బాస్కెట్‌బాల్ జాతీయ ఛాంపియన్లయ్యారు. 1993 ఫైనల్‌లో టెక్సాస్ టెక్ షెరిల్ స్వూప్స్ ఒక్కతే 47 పాయింట్లు కొట్టింది, 84-82తో గెలిచారు. మీ భోజనశాలలో ఇది ముచ్చటకు రాలేదా?

మలక్‌పేట_మామ:

అక్కా, తప్పైంది. స్వూప్స్ ఆట నేను హ్యూస్టన్‌ల దిగడానికి నాలుగు నెలల ముందు. కార్ల్ లూయిస్‌ను మర్చిపోయిన అంటే మాత్రం పెద్దాయన ఉంటే నాకు గిన్నెల డ్యూటీ వేస్తుండె.

రెండో_షిఫ్ట్:

సరే, ఒప్పుకుంటున్న. మరి వదిలేసిన ఆ నలుగురు ఏమైండ్రు? మా క్లయింట్ టీమ్‌లో ఒకాయన ఫోర్ట్ వర్త్ వాడు, టీసీయూ టీమ్ గురించి సోమవారం కాల్‌లో సగం టైం తినేస్తడు.

మలక్‌పేట_మామ:

రైస్, టీసీయూ, ఎస్‌ఎంయూ డబ్ల్యూఏసీ అని ఇంకో కాన్ఫరెన్స్‌కు పోయినయి. పదహారు జట్లు, హవాయి దాకా. ఎక్కడ ఫోర్ట్ వర్త్, ఎక్కడ హవాయి. హ్యూస్టన్ కాన్ఫరెన్స్ యూఎస్ఏకు పోయింది. మీ క్లయింట్ వాళ్ల టీసీయూ తిరిగి తిరిగి 2012ల బిగ్ 12ల దూరింది, అదే ఏడు ఏ అండ్ ఎం దాంట్లకెళ్లి ఎస్ఈసీకి పోయింది. హ్యూస్టన్ 2023ల బిగ్ 12ల చేరింది. ఎస్‌ఎంయూ 2024ల అట్లాంటిక్ తీరం వాళ్ల ఏసీసీల చేరింది, తొమ్మిదేళ్లు టీవీ వాటా వద్దని రాసిచ్చి మరీ. అదే 2024ల టెక్సాస్, ఓక్లహోమా కూడా ఎస్ఈసీ. అంటే టెక్సాస్, ఏ అండ్ ఎం, ఆర్కన్సా, ఓక్లహోమా మళ్లా ఒక్క చోట పడ్డరు. 1914ల హోటల్ల కూర్చున్న ఎనిమిది మందిల నలుగురు. టెక్సాస్, ఏ అండ్ ఎం మ్యాచ్ 2011 తర్వాత ఆగిపోయి ఉండె, 2024 నవంబర్ 30న మళ్లా జరిగింది, 17-7 టెక్సాస్. నేను ఇక్కడ మలక్‌పేటల ఆదివారం పొద్దున అలారం పెట్టుకొని లేచి చూసిన. ఇంట్ల ఆమె "ఈ వయసుల ఇదేం పిచ్చి" అని చాయ్ కూడా ఇయ్యలే.

అబిడ్స్ తమ్ముడూ, ఒక పని చేయి. నీ పుస్తకం 1983-84 అన్నవు కదా. హ్యూస్టన్ పేజీ తియ్యి. ఆ ఏడు మావాళ్లు బాస్కెట్‌బాల్ జాతీయ ఫైనల్‌కు పోయి జార్జ్‌టౌన్ యూనివర్సిటీ చేతిల 84-75 ఓడిండ్రు. అంతకు ముందేడు ఫైనల్ల చివరి క్షణంల 54-52. ఆ టీమ్‌ల నైజీరియా, లాగోస్ నుంచి వచ్చిన ఏడడుగుల పిల్లగాడు ఉంటడు. తర్వాత హ్యూస్టన్ రాకెట్స్ అనే ప్రొఫెషనల్ టీమ్‌కు 1994, 95లల్ల టైటిళ్లు తెచ్చింది ఆయనే, మేము ఆ రాత్రులు రోడ్ల మీదనే ఉన్నం. ఆయన పేరుల మొదటి అక్షరం ఏముందో చూసి చెప్పు. హకీమ్ అని ఉంటే నీ పుస్తకం మీద నాకు అనుమానం. ఆయన 1991 దాకా పేరు ముందట హెచ్ రాయలే.

అబిడ్స్_ఆదివారం:

చూసిన మామా. "అకీమ్" అనే ఉంది. అకీమ్ అబ్దుల్ ఒలాజువాన్, లాగోస్. ఇంకో సంగతి, పుస్తకం మొత్తంల మూల మడిచి ఉన్నది ఆ ఒక్క పేజీనే. పెన్సిల్‌తో ఎత్తు కింద గీత కొట్టి ఉంది, పక్కన తెలుగుల చిన్నగ "మన రామప్ప గుడి స్తంభం" అని రాసి ఉంది. ఈ ఆదివారం పదింటికి అబిడ్స్ జీపీవో దగ్గర ఉంట, తెచ్చి చూపిస్త.

మలక్‌పేట_మామ:

తొమ్మిదిన్నరకే వస్త.